పెరట్లో ఇరవై కోళ్లు: తెచ్చిన పిల్ల పెట్ట అయ్యేదాకా

ఇరవై పిల్లలు తెస్తే ఆర్నెల్లకు ఎనిమిదో తొమ్మిదో మిగలడం చాలా పెరళ్లలో మామూలైపోయింది. పోయినవి ఎలా పోయాయో లెక్క తీస్తే కారణాలు మూడే తేలతాయి. మొదటి నలభై రోజుల్లో చలి, తడి. రాత్రిపూట పిల్లి, ముంగిస, పాము. ఆపైన వీధి మొత్తాన్నీ ఊడ్చుకుపోయే కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ రోగం). ఏ జాతి మంచిది, మేత ఏం పెట్టాలి అని అడిగేవాళ్లే ఎక్కువ గానీ, ఈ మూడింటి సంగతి చూడకుండా ఎంత మంచి జాతి తెచ్చినా, ఎంత మేత పోసినా దండగే. కింద రాసిందంతా పది నుంచి పాతిక దాకా, పగలు పెరట్లో తిరిగి పొద్దుగూకేసరికి గూడు చేరే కోళ్లకు సంబంధించింది. షెడ్డు వేసి వందల్లో పెంచేవాళ్ల లెక్క వేరు.

ఏ కోడి తేవాలి

గుడ్లు కావాలా, కూరకు కావాలా, పిల్లలు తీయాలా అన్నది ముందు తేల్చుకోండి. మూడూ ఒకే కోడి ఇవ్వదు.

అసలు నాటు పెట్ట ఏడాదికి 50–60 గుడ్లు పెడుతుంది. ఒక విడతకు పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పిల్లలు లేచాక వాటిని తిప్పుకుంటూ రెండు మూడు నెలలు గుడ్డు మాటే ఎత్తదు. గుడ్ల లెక్కలో వెనకే అయినా పొదగడంలో, పిల్లల్ని గద్దకు చిక్కకుండా కాచుకోవడంలో దాన్ని మించింది లేదు. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈక రంగును బట్టి పిలిచే పందెం కోళ్లు అసీల్ జాతివి. మాంసానికి గిరాకీ బాగుంటుంది, గుడ్లు తక్కువ. ఎదిగిన రెండు పుంజుల్ని ఒకే పెరట్లో వదిలితే ఒకటి చచ్చేదాకా ఊరుకోవు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఐసీఏఆర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాల్ని తయారుచేసింది. గుడ్లకైతే గ్రామప్రియ తెచ్చుకోండి. మేత సరిగా అందితే పెరట్లో ఏడాదికి 160–180 దాకా గోధుమరంగు గుడ్లు పెడుతుంది, ఒళ్లు తేలిక కాబట్టి కుక్క తరిమినా తప్పించుకోగలదు. వనరాజా గుడ్డుకీ కూరకీ మధ్యరకం. 100–120 గుడ్లు పెడుతుంది, పుంజులు త్వరగా బరువు వస్తాయి, ఆ బరువే దానికి శత్రువు కూడా: పరిగెత్తలేక దొరికిపోతుంది. ఈ రకాలకు పొదుగు బుద్ధి దాదాపు లేదు. వీటి గుడ్లను నాటు పెట్ట కింద పెడితే పిల్లలు వస్తాయి గానీ తల్లి గుణాలు నిలవవు, ఒక్కోటి ఒక్కోలా తయారవుతుంది. కాబట్టి ప్రతిసారీ హేచరీ పిల్లలే తెచ్చుకోవాలి.

ఇరవై కోళ్ల పెరటికి నప్పేది, పొదగడానికి మూడు నాలుగు నాటు పెట్టలు, ఒక నాటు పుంజు, మిగతావన్నీ గ్రామప్రియ పెట్టలు. ఒట్టి గుడ్లే చాలనుకుంటే పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పొదిగితే మాత్రం పిల్ల రాదు. ఇంట్లో పుట్టిన పుంజునే తరతరాలుగా ఉంచేస్తే పిల్లలు గిడసబారతాయి, గుడ్లలో వట్టివి పెరుగుతాయి. ఏడాదీ ఏడాదిన్నరకోసారి పుంజును వేరే ఊరి నుంచి మార్చండి.

బండి మీద గంపలో వేసుకుని వీధుల్లో అమ్మే గులాబీ, పచ్చ రంగు పిల్లల జోలికి పోవద్దు. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. గుడ్డు ఎలాగూ పెట్టవు, తిన్న మేతకు తగ్గ ఒళ్లూ చేయవు. హేచరీలో కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మారెక్స్ (కాళ్లు, రెక్కలు పడిపోయే వైరస్ రోగం) టీకా వేశారా? అది పుట్టిన రోజునే వేయాలి, ఇంటికి తెచ్చాక వేసి లాభం లేదు.

గూడు

కోడి పగలు బయటే ఉంటుంది కాబట్టి గూడు విశాలంగా కన్నా గట్టిగా ఉండటం ముఖ్యం. రాత్రి పడుకోవడానికి కోడికి రెండు చదరపు అడుగులు చాలు. ఇరవై కోళ్లకు 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు సరిపోతుంది. పొడవు తూర్పు నుంచి పడమరకు సాగేలా కడితే ఎండ లోపలికి కొట్టదు. నేల మీద కట్టేకన్నా రెండడుగుల స్తంభాల మీద లేపి కడితే వాన నీళ్లు, పందికొక్కులు, పాములు మూడింటి బాధా తగ్గుతుంది. స్తంభానికి మధ్యలో పాత రేకు డబ్బా కోసి గొడుగులా బోర్లిస్తే ఎలుక పైకి ఎక్కలేదు. చూరు గోడ దాటి కనీసం రెండున్నర అడుగులు ముందుకు రావాలి, లేకపోతే జల్లు లోపల పడి నేల మీద పరిచిన ఊక ముద్దవుతుంది.

బజారులో దొరికే ఆరుమూలల కోళ్ల వల కోడిని లోపల ఆపుతుంది గానీ శత్రువును బయట ఆపదు. కుక్క చించేస్తుంది, చిన్న పాము దూరిపోతుంది, పిల్లి పంజా పెట్టి లాగుతుంది. గూటి అడుగు నుంచి మూడడుగుల ఎత్తు వరకైనా అరంగుళం గళ్ల వెల్డ్ మెష్ వేయండి. పైన మామూలు వల చాలు. తలుపుకు తాడు ముడి, కొక్కెం లాంటివి కాకుండా గడియ పెట్టండి. గూడుకు ఎంత ఖర్చు పెట్టినా సాయంత్రం లెక్కపెట్టి గడియ వేసేవాళ్లు లేకపోతే ఒక్క రాత్రిలో ముంగిస తన పని చేసుకుపోతుంది. అది ఒక్కదాన్ని తిని పోయే రకం కాదు, అందినన్నింటి మెడలూ కొరుకుతుంది.

లోపల నేల మీద రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరవండి. రెండు రోజులకోసారి కర్రతో తిరగేయాలి, తడిసిన చోట తీసేసి పొడి ఊక, గుప్పెడు సున్నం వేయాలి. గూట్లోకి వంగగానే ముక్కు మండిందంటే గాలి చాలట్లేదని అర్థం. కోళ్లు ఎక్కి పడుకోవడానికి రెండడుగుల ఎత్తున రెండంగుళాల వెడల్పు అడ్డకర్రలు కట్టండి, అంచులు గుండ్రంగా చెక్కండి. కోడికి ఎనిమిది అంగుళాల చోటు లెక్కేసుకోవాలి. ఇనుప పైపు వద్దు, చలికాలం చల్లగా, ఎండాకాలం వేడిగా కాళ్లకు తగులుతుంది. గుడ్లు పెట్టుకోవడానికి నాలుగైదు పెట్టలకు ఒక గూడు చొప్పున చీకటి మూలన పెట్టండి. 15 కిలోల నూనె డబ్బాను పక్కకు పడుకోబెట్టి, మూత వైపు కోసి, అంచులు లోపలికి మడిచి గడ్డి వేస్తే నాటు పెట్టకు చక్కగా సరిపోతుంది.

మొదటి నలభై రోజులు

పిల్లలు రాకముందే ఒక రోజు ముందు చోటు సిద్ధం చేసి పెట్టాలి. పాతిక పిల్లలకు మూడున్నర అడుగుల అడ్డం ఉండేలా అట్టపెట్టెల్ని విప్పి గుండ్రంగా నిలబెట్టండి, ఎత్తు ఒకటిన్నర అడుగు. నలుచదరం పెట్టె అయితే చలికి పిల్లలన్నీ ఒక మూలకు తోసుకుని అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. గుండ్రంగా పెట్టేది అందుకే. కింద రెండంగుళాల ఊక, దాని మీద మొదటి మూడు రోజులు పేపరు. నున్నటి రంగుల పేపరు మీద కాళ్లు జారి చీలిపోతాయి, మామూలు దినపత్రికను కాస్త నలిపి పరవండి. పేపరు లేకుండా వదిలితే మేతేదో ఊకేదో తెలియక ఊకే తింటాయి.

వెచ్చదనానికి పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బు కావాలి, పాతికకు 60 వాట్ల వేడి బల్బు చలికాలం చాలదు, 100 పెట్టుకోండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు. ఎలక్ట్రికల్ షాపుల్లో పాతరకం బల్బు దొరక్కపోతే ఇన్‌ఫ్రారెడ్ బల్బు అడగండి. నేల నుంచి అడుగున్నర ఎత్తున, తాడుతో కాదు, తీగతో వేలాడదీయండి. ఊక మీద పడితే ఇల్లు అంటుకుంటుంది. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి, అంటే బల్బును కాస్త కాస్త పైకి లేపాలి. చేతిలో థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. అట్ట అంచుకు చేరి నోళ్లు తెరిచి రెక్కలు జార్చుకుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే అటు నుంచి ఏదో సందులోంచి గాలి కొడుతోంది. అంతటా చెదిరి తింటూ, మధ్య మధ్య కాళ్లు చాపి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి పదకొండింటికీ, తెల్లవారుజామున నాలుగింటికీ ఓసారి చూడండి, చావులు ఎక్కువ ఆ వేళే.

కరెంటు పోయే ఊళ్లలో రెండు లీటర్ల సీసాల్లో వేడినీళ్లు పోసి, గోనెగుడ్డ చుట్టి మధ్యలో పెడితే రెండు మూడు గంటలు గట్టెక్కుతాయి. నిప్పుల కుంపటి పెట్టేవాళ్లున్నారు. తలుపులు మూసిన గదిలో బొగ్గు పొగ పిల్లలకే కాదు, మనుషులకూ ప్రమాదం.

తెచ్చిన వెంటనే మేత కాదు, నీళ్లు. కాచి చల్లార్చిన నీళ్లలో లీటరుకు రెండు పెద్ద చెంచాల బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కును ఒక్కసారి నీళ్లలో ముంచి వదలండి. ఒకటి నేర్చుకుంటే మిగతావి చూసి తాగుతాయి. లోతైన గిన్నె పెడితే తడిసి చలికి పోతాయి, గులకరాళ్లు వేసి లోతు తగ్గించండి. రెండు గంటల తర్వాత పేపరు మీద మొక్కజొన్న రవ్వ చల్లండి, రెండో రోజు నుంచి కోడిపిల్లల స్టార్టర్ దాణా. మొదటి వారం పిల్లకు రోజుకు పది గ్రాములు, ఆరో వారానికి యాభై దాకా వెళ్తుంది. ఆరు వారాలకు వనరాజా పిల్లకు మొత్తం ఒకటిన్నర కిలో దాణా పడుతుంది, నాటు పిల్లకు అందులో సగం. ఇక్కడ పిసినారితనం చేసి నూకలతో సరిపెడితే మాంసకృత్తులు చాలక ఈకలు సరిగా రావు, టీకా వేసినా పట్టదు. పెద్దయ్యాక మేతలో ఎంతైనా పొదుపు చేయొచ్చు.

రోజూ పొద్దున పిల్లల వెనక భాగం చూడండి. రెట్ట ఎండి అతుక్కుని ద్వారం మూసుకుపోతే పిల్ల రెండు రోజుల్లో చస్తుంది. గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా తీయాలి, పీకితే చర్మం ఊడొస్తుంది. చీమలు పట్టే ఇల్లయితే అట్ట గుండ్రం చుట్టూ సున్నం గీత గీయండి. పైన వల కప్పండి, ఎలుక ఒక్క రాత్రిలో నాలుగు పిల్లల్ని ఎత్తుకుపోగలదు.

నాటు పెట్ట పొదుగు మీద ఉంటే ఇంత తంటా లేదు. హేచరీ నుంచి తెచ్చిన ఒక్క రోజు వయసు పిల్లల్ని, చీకటి పడ్డాక, పొదుగులో ఉన్న పెట్ట కిందికి ఒక్కొక్కటిగా తోసి, గుడ్లు తీసేయండి. తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. పన్నెండు నుంచి పదిహేను దాకా కాస్తుంది. పగలు చేస్తే మాత్రం పొడిచి చంపేస్తుంది. తల్లీ పిల్లల్ని మొదటి రెండు వారాలు పెద్ద గంప కింద మూసి ఉంచండి. తర్వాత తల్లిని గంప కిందే ఉంచి, గంప అంచు కింద ఒక ఇటుక ముక్క పెట్టి రెండంగుళాలు లేపితే పిల్లలు వస్తూ పోతుంటాయి, తల్లి రాదు, గద్ద నీడ పడగానే ఒక్క అరుపుతో అన్నీ లోపలికి దూరిపోతాయి. పిల్లల దాణాకు దీని తిరగేసిన పద్ధతి వాడండి: దాణా పళ్లెం మీద గంప బోర్లించి అంచు అంతే లేపితే పిల్లలు మాత్రమే దూరి తింటాయి, ఖరీదైన దాణా పెద్ద కోళ్ల పాలు కాదు.

టీకాలు

కొక్కెర తెగులు వచ్చాక మందు లేదు. పసుపు, వెల్లుల్లి, వేపాకు పెట్టినా, ఏ యాంటీబయాటిక్ వేసినా ఆ వైరస్ ఆగదు. ముందే టీకా వేయడం ఒక్కటే దారి. పశువైద్యశాలల్లో వేస్తారు, మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. చిక్కల్లా సీసా వంద డోసులది కావడం, ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాల్సి రావడం. ఇరవై కోళ్లకోసం సీసా ఎవరు కొంటారని వదిలేస్తారు. వీధిలో ఐదారు ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, పైగా పక్కింటి కోళ్లకు టీకా లేకపోతే మీ పిల్లలకు రోగం అక్కణ్నుంచే వస్తుంది.

రోజుల లెక్క ఇది. ఐదు నుంచి ఏడో రోజున లసోటా (కొక్కెరకు వేసే మొదటి టీకా), కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజున గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ రోగానికి టీకా), ఇదీ చుక్కే. ఇరవై ఎనిమిదో రోజున మళ్లీ లసోటా. ఆరేడు వారాలకు మశూచి టీకా, రెక్క చర్మంలో రెండు మొనల సూదితో. ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్‌2బి, ఇదీ కొక్కెరకే, చర్మం కింద అర మిల్లీలీటరు. ఆర్‌2బి గట్టి టీకా, ఆరు వారాల లోపు పిల్లకు వేస్తే టీకాయే కాళ్లు పడేసి చంపగలదు. ఆపైన ఆర్నెల్లకోసారి. ఎండలు ముదరకముందు, అంటే మాఘమాసానికి, ఒక విడత అయిపోయేలా చూసుకోండి. గుడ్లు పెడుతున్న పెట్టకు ఆర్‌2బి వేస్తే కొన్నాళ్లు గుడ్డు తగ్గుతుంది, అలాంటి పెట్టలకు నీళ్లలో లసోటా మేలు.

టీకా వేసినా కోళ్లు పోయాయనే మాట వినిపిస్తుంటుంది. చాలాసార్లు తప్పు టీకాది కాదు, తెచ్చిన తీరుది. 2–8 డిగ్రీల చల్లదనం తప్పితే అందులో వైరస్ చచ్చిపోతుంది. షాపు నుంచి ఫ్లాస్కులో ఐస్ వేసుకునే తేవాలి, జేబులో వేసుకుని కాదు. ఎండపొద్దున కాకుండా చీకటి పడ్డాక గూట్లో పట్టుకుని వేయండి, కోళ్లు బెదరవు, మందు ఎండకు చెడదు. చుక్క వేశాక కోడి కన్ను ఆర్పేదాకా పట్టుకుని వదలాలి. నీళ్లలో ఇచ్చేటట్టయితే రెండు గంటలు నీళ్లు ఆపి, కుళాయి నీళ్లు కాకుండా బావి నీళ్లు లేదా కాచి చల్లార్చినవి తీసుకుని, లీటరుకు ఐదు గ్రాముల వెన్నలేని పాలపొడి కలిపి, తర్వాత టీకా కలపాలి. క్లోరిన్, ఇనుప పాత్ర రెండూ టీకాను చంపుతాయి, ప్లాస్టిక్ పళ్లేలే వాడండి. మశూచి టీకా పట్టిందో లేదో వారం పది రోజులకు చూడొచ్చు: పొడిచిన చోట చిన్న పొక్కు కట్టి ఉండాలి. లేకపోతే మళ్లీ వేయించాలి. తూగుతున్న, పారుతున్న కోడికి ఏ టీకా వద్దు.

మేత

తిరిగే కోడి సగం మేత తనే సంపాదించుకుంటుంది. మీరు పెట్టాల్సింది రోజుకు 40–60 గ్రాములు, మూడో వంతు పొద్దున, మిగతాది సాయంత్రం గూటికి చేరే వేళ. సాయంత్రం ఎక్కువ పెట్టడంలో కిటుకుంది, ఆ మేతకోసం పొరుగింటి చెట్టెక్కకుండా ఇంటికొస్తాయి. ఇంట్లో దాదాపు పది కిలోల దాణా కలపాలంటే పగలగొట్టిన మొక్కజొన్న 5 కిలోలు, తౌడు 2, వేరుశనగ చెక్క 2, ఉప్పు పట్టించని ఎండుచేపల పొడి అర కిలో, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. మొక్కజొన్న బదులు జొన్నలు, సజ్జలు, నూకలు కలగలిపినా ఇబ్బంది లేదు. గుడ్డు పెట్టే పెట్టకు సున్నం విడిగా ఒక కొబ్బరి చిప్పలో ఉంచండి: ఆల్చిప్పల పొడి గానీ, ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకులు గానీ. ఎంత కావాలో అంతే తింటుంది. అది చాలనప్పుడు తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) వస్తాయి.

బూజు వాసన వచ్చే మొక్కజొన్న, చెక్క ఎంత చవగ్గా వచ్చినా పెట్టొద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని తింటుంది, కోళ్లు ఏ రోగమో తెలియకుండా ఒక్కొక్కటిగా రాలిపోతాయి. విత్తనశుద్ధి చేసి మిగిలిన రంగు గింజలు కూడా అంతే, నాలుగు గింజలు చాలు. పక్క చేలో మందు కొట్టిన రోజు కోళ్లను గూట్లోంచి వదలకండి.

పిల్లలకు పైసా ఖర్చులేని మాంసకృత్తులు చెదలు. పాత కుండలో చింపిన గోనెసంచి, ఎండు పేడ, ఎండుగడ్డి కూరి, నీళ్లు చల్లి, చెదపుట్ట ఉన్నచోట మూతి నేలకు తగిలేలా సాయంత్రం బోర్లించండి. మర్నాడు పొద్దున, ఎండ ఎక్కకముందే ఎత్తి పిల్లల ముందు దులిపితే కుండెడు చెదలు పడతాయి. ఎండ తగిలితే అవన్నీ నేలలోకి దిగిపోతాయి. ఇంటి దూలాలకు దగ్గర్లో మాత్రం ఈ కుండ పెట్టొద్దు.

పొదగేయడం

పెట్ట గూట్లోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని కుర్రుమంటుంటే పొదుగుకు వచ్చినట్టు. వెంటనే మంచి గుడ్లు పెట్టేయకండి, రెండు రోజులు ఒకటో రెండో పనికిరాని గుడ్లు ఉంచి నిలకడ చూడండి. ఆలోగా దాని ఒంటి మీద పేలు చూసుకోవాలి. పేలున్న పెట్ట మధ్యలో లేచిపోతుంది, గుడ్లన్నీ మురుగుతాయి. పొడి బూడిదలో గుప్పెడు వేపాకు పొడి కలిపి రెక్కల కింద, తోక దగ్గర రుద్దండి.

పొదిగే గుడ్లు వారం లోపువి కావాలి, ఎండాకాలమైతే నాలుగైదు రోజుల లోపువి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకువి పక్కన పెట్టండి. కడగొద్దు, పెంకు మీది సన్నని పొర పోతే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. దాచేటప్పుడు సన్నటి కొన కిందికి ఉంచి, తడి ఇసుక మీద పెట్టిన చట్టిలో తౌడు పోసి అందులో గుచ్చండి. ఫ్రిజ్‌లో పెట్టినవి ఇందుకు పనికిరావు. నాటు పెట్ట కిందికి పది పన్నెండు గుడ్లు మించకూడదు. ఆశకొద్దీ పద్దెనిమిది పెడితే అంచున ఉన్నవి వంతులవారీగా చల్లబడి, పది రావాల్సిన చోట ఆరే వస్తాయి. ఉరుములకు గుడ్లు చెడతాయని గంపలో ఇనుప ముక్క, బొగ్గు వేసే అలవాటు పల్లెల్లో ఉంది. వేసుకుంటే వేసుకోండి, నష్టం లేదు, గంప వాన తగలని చోట ఉందో లేదో కూడా చూసుకోండి.

ఏడో రోజు రాత్రి గుడ్ల లోపల చూడాలి. ఫోన్ టార్చి మీద చిన్న బెజ్జం పెట్టిన అట్టముక్క ఉంచి, గుడ్డు వెడల్పు వైపు ఆనించండి. మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్రటి నరాలు పాకుతూ కనిపిస్తే పిల్ల బతికుంది. తేటగా పసుపుపచ్చగా ఉంటే వట్టి గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరంలా ఉంటే మొదలై ఆగిపోయింది. ఈ రెండు రకాలూ తీసేయండి, ఉంచితే మురిగి పగిలి మిగతావాటిని పాడుచేస్తాయి. పద్దెనిమిదో రోజు నుంచి గంప జోలికి వెళ్లొద్దు. పెట్ట రోజుకోసారి లేచి పావుగంట, ఇరవై నిమిషాలు తిని వస్తుంది. గింజలు, నీళ్లు నాలుగడుగుల దూరంలోనే ఉంచితే త్వరగా తిరిగొస్తుంది. ఇరవై ఒకటో రోజు పెంకు చిట్లినా పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి పూట, ఒక్కోసారి రోజు పడుతుంది. తొందరపడి పెంకు వలిస్తే లోపలి నరాలు తెగి నెత్తురు కారుతుంది.

రెండు పెట్టల్ని ఒకే రోజు పొదగేస్తే ఇంకో లాభం. పుట్టిన పిల్లలన్నీ ఒక తల్లికి అప్పగించి, రెండోదాన్ని వేరే పెరట్లోకో గదిలోకో మార్చండి, అది త్వరగా మళ్లీ గుడ్డుకొస్తుంది. పిల్లలు తిప్పుకునే తల్లినైనా ఐదారు వారాలకు విడదీయొచ్చు. ఈ ఒక్క పనితో నాటు పెట్ట ఏడాదికి ఒకటో రెండో విడతలు ఎక్కువ పెడుతుంది. పొదుగు అక్కర్లేని పెట్టను మళ్లించాలంటే ముక్కులో ఈక గుచ్చడం, నీళ్లలో ముంచడం లాంటి హింస ఎందుకు? అడుగు భాగం వలతో ఉన్న పంజరంలో గడ్డి లేకుండా, మేత, నీళ్లు పెట్టి, కింద నుంచి గాలి తగిలేలా మూడు నాలుగు రోజులు ఉంచితే పొట్ట చల్లబడి పొదుగు వదిలేస్తుంది.

గుడ్లు తగ్గినప్పుడు

ముందు పొదలు, గడ్డివామి వెతకండి, వేరే చోట దాస్తోందేమో. ఈకలు రాలుస్తుంటే నెలన్నర రెండు నెలలు ఆగాల్సిందే. డిసెంబరులో మన దగ్గర పగలు 11 గంటలే ఉంటుంది. గుడ్డుకు 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి, తెల్లవారుజామున గూట్లో మామూలు ఎల్‌ఈడీ బల్బు మూడు గంటలు వెలిగిస్తే గ్రామప్రియ నిలకడగా పెడుతుంది. గుడ్డు పొడుచుకు తినే పెట్ట దొరికితే దాన్ని కూరకు పంపడమే, ఆ అలవాటు మిగతావాటికి అంటుకుంటుంది. ఇవేవీ కాకపోతే రాత్రి టార్చి వేసి అడ్డకర్రల కీళ్లు, గోడ సందులు చూడండి. గోమార్లు పగలు సందుల్లో దాక్కుని రాత్రి నెత్తురు తాగుతాయి, తురాయి పాలిపోతుంది. సందుల్లో వేడినీళ్లు పోసి, గూడంతా సున్నం కొట్టాలి. కోడికి ఎంత మందు రాసినా గూడు వదిలేస్తే మళ్లీ వస్తాయి.

రోగం వచ్చినప్పుడు

మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెక్కలు వేలాడేసి ముడుచుకుని, రెట్టలో నెత్తురు కనిపిస్తే అది రక్తపారుడు. తడిసిన ఊకే దీనికి మూలం. 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీళ్లకు 1.2 గ్రాములు కలిపి ఐదు రోజులు అవే నీళ్లు తాగించాలి, అదే రోజు ఊక మొత్తం మార్చాలి. తురాయి మీద, కళ్ల చుట్టూ కాయలు లేస్తే మశూచి, దోమల వల్ల పాకుతుంది. పసుపు, వేపనూనె రాస్తే పొక్కులు త్వరగా ఎండుతాయి, కన్ను మూసుకుపోయిన కోడికి చేత్తో తినిపించాలి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పలచటి పారుడు, నోరు తెరిచి గాలి పీల్చడం, మెడ మెలి తిరగడం, కాళ్లు పడిపోవడం ఒకటి రెండు రోజుల తేడాతో చాలా కోళ్లలో కనిపిస్తే కొక్కెర. అప్పుడు చేయాల్సింది రోగమున్నవాటిని విడదీయడం, చచ్చినవాటిని మూడడుగుల లోతున సున్నం వేసి పూడ్చడం, పశువైద్యుణ్ని పిలవడం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. చచ్చిన కోళ్లను కాలువలో వేయడం, తూగుతున్నవాటిని సంతలో తక్కువకు అమ్మేయడం వల్లే తెగులు ఊళ్లు దాటుతుంది. సంతలో కొన్న కోడిని ఎంత బాగా కనిపించినా మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపాలి.

ఉన్నట్టుండి ఒకేసారి ఎక్కువ కోళ్లు, కాకులు కూడా చస్తుంటే చేతులతో ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల పెరటి కోళ్లను కూడా తీసేస్తారు, కాబట్టి దాచిపెట్టి లాభం లేదు, కబురు ముందే చేరితే పక్క వీధి కోళ్లైనా మిగులుతాయి.

ఎండాకాలం

నలభై డిగ్రీలు దాటితే రేకు గూడు పొయ్యే. రేకు మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ అరడుగు మందాన కప్పి, మధ్యాహ్నం నీళ్లు చల్లండి. మేత పొద్దున ఆరింటిలోపు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే. మిట్టమధ్యాహ్నం కడుపు నిండా తిన్న కోడికే వడదెబ్బ ముందు తగులుతుంది. ఇరవై కోళ్లు ఆ రోజుల్లో ఎనిమిది లీటర్ల దాకా నీళ్లు తాగుతాయి. ఒకే తొట్టి కాకుండా నీడ ఉన్న నాలుగు చోట్ల మట్టి పాత్రల్లో పెట్టి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి మట్టి చట్టిలో ఒక పూట పెట్టొచ్చు. నోరు తెరిచి పడిపోయిన కోడి మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి. కాళ్లు, తురాయి తడిపి, నీడలో గాలి తగిలేచోట పడుకోబెట్టి, తేరుకున్నాక చుక్క చుక్కగా నీళ్లు పట్టండి.